ఉస్తాద్ గోడల వెంట ఒక నడక

ఆదోని పట్టణ పౌరులకు, అందులోనూ గోడ కనబడగానే ఆగి అటూ ఇటూ చూసే మగ మహారాజులకు, నేను మిక్కిలి గంభీరంగా ప్రకటిస్తున్నది ఏమంటే: పాత బస్టాండు వెనక సందులో తూర్పు గోడ మీద ఇన్నాళ్లూ పేరుకైనా మిగిలిన నిషేధం రద్దయింది. ఇకమీదట ఎవరైనా, ఏ వేళైనా, ఎంతసేపైనా అక్కడ నిలబడవచ్చు. అడిగే దిక్కు లేదు. ఆ నిషేధం విధించిన మనిషి పోయిన శుక్రవారం తెల్లవారుజామున కన్నుమూశాడు.

ఆయన మా ఉస్తాద్. నలభై ఏళ్లు ఈ ఊరి గోడల మీద అక్షరాలు రాసి, బొమ్మలు వేసి బతికాడు. ఆయనకు పేరుంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. నేనూ పిలవను.

ఆయన పోయిన కబురు నాకు కబురుగా రాలేదు, ఆర్డరుగా వచ్చింది. స్టేషన్ రోడ్డులో నాకు ఫ్లెక్సీలు కొట్టే అంగడి ఉంది. ఆ పొద్దున షట్టరు సగం ఎత్తానో లేదో, వార్డు లీడరు మనిషి ఒకడు వంగి లోపలికి వచ్చాడు.

"అన్నా, అర్జెంటు. ఆరు బై నాలుగు. కన్నీటి నివాళి."

"ఎవురు పోయినారప్పా?"

"ఎవురో పెయింటరంట. ఫోటో నీ ఫోనుకు పంపినా సూడు. ఆయప్పది కింద సిన్నగా ఏయి. మా అన్నది పైన పెద్దగా రావల్ల. మొగం దిగులుగా ఉండే ఫోటో పంపినా, అదే ఏయి. నవ్వేది ఏసేవు మల్ల."

ఫోను తెరిచి చూశాను. ఆధార్ కార్డు మీది ఫోటో. దొంగని పట్టుకుని తీసినట్టు ఉంటుంది కదా, అదే. గడ్డం పూర్తిగా తెల్లబడింది. కళ్లు మాత్రం కెమెరాను కాదు, దాని వెనక గోడను చూస్తున్నట్టున్నాయి.

మన ఊళ్లో నివాళి ఫ్లెక్సీకి ఒక పద్ధతి ఉంది. పోయినవాడు పోస్టు స్టాంపంత, ఏడ్చేవాళ్లు తలుపులంత. నేనూ అట్లాంటివి వందలు కొట్టాను, నాకేమీ పట్టలేదు. ఆ రోజు మాత్రం ఉస్తాద్ ఫోటోను నాలుగు అంగుళాలు పెంచాను. దాంతో లీడరు గారి గడ్డం కింద కోసుకుపోయింది. మనిషి వచ్చి అడిగితే మిషను తప్పన్నాను. మిషన్లకు నోరు లేదు, అదొక సౌకర్యం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే మీరు నన్ను మంచివాడినని అనుకుంటారు. ఉస్తాద్ దగ్గర నేను ఎనిమిదేళ్లు పనిచేశాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎమ్మిగనూరులో ఒక గోడ మీద నేను ఆయనకు ఒక పని చేశాను. దానికి ఆయన నన్ను క్షమించాడా లేదా అన్నది నాకు తేలాలి. తేల్చే మనిషి మట్టిలో ఉన్నాడు. అందుకని ఆయన గోడలను అడగబోతున్నాను. మీరూ రండి.

నడిచి చూసే అలవాటు మన ఊరికి కొత్తగా వచ్చింది. పోయినేడు దూరపు ఊరినుంచి బొమ్మలు వేసే బృందం ఒకటి దిగింది. పాత బస్టాండు చుట్టుపక్కల గోడలన్నిటికీ తెల్లసున్నం కొట్టి, పెద్ద పెద్ద రంగుల బొమ్మలు వేసి పోయింది. సీతాకోకచిలుక రెక్కలు ఒకటి, మధ్యలో మనిషి నిలబడి ఫోటో దిగాలంట. నెత్తిన బిందె పెట్టుకున్న ఆడమనిషి ఒకటి. ఆ నడుముతో ఈ జిల్లాలో ఎవరూ నీళ్లు మోయలేదు. ప్రతి బొమ్మ పక్కన నల్లగళ్ల చతురస్రం ఒకటి అతికించారు. దానికి ఫోను చూపిస్తే ఒక ఆడగొంతు పలుకుతుంది, ఎడమకు తిరగమంటుంది, తర్వాతి బొమ్మ చెబుతుంది. ఎవరినీ దారి అడిగే పని లేదు, ఎవరి ముఖమూ చూసే పని లేదు. ఆ గొంతు చెప్పేదాని ప్రకారం అవి అంతకుముందు "నిరుపయోగంగా పడి ఉన్న ఖాళీ గోడలు".

వాటిలో ఐదు గోడలు ఉస్తాద్‌వి.

కాబట్టి ఫోను జేబులో పెట్టుకోండి. తలకు టవలు చుట్టుకోండి. మన దారి వేరే.

పాత బస్టాండు వెనక సందులోకి రండి. ముక్కు మూసుకోవలసి వస్తే మీరు సరైన చోటికే వచ్చినట్టు. ఇప్పుడు సీతాకోకచిలుక ఉన్న గోడ ఇదే. దీని కింద, సున్నానికి అవతల, ఒక అవ్వ ఉంది.

అప్పట్లో ఈ గోడ యజమాని దేవుళ్ల బొమ్మలు వేయమన్నాడు. అన్ని మతాల దేవుళ్లనూ వరుసగా పెడితే ఎవడూ ధైర్యం చేయడని ఆయన లెక్క. ఉస్తాద్ ఒప్పుకోలేదు.

"దేవుండ్లను కావిలి పెట్టేంత గోడనా సామీ ఇది? ఇంట్లో ముసల్ది సాలు."

వేశాడు. నిలువెత్తు అవ్వ. నడుము మీద చేయి, రెండో చేతిలో చీపురు, చూపు సరిగ్గా నిలబడేవాడి ముఖం మీద. ఎటు జరిగినా ఆ చూపు వెంట వచ్చేది. కింద రెండు వరుసల హెచ్చరిక. గోడ ఎండిన మూడో రోజు నేను ఆయన లేనప్పుడు నిచ్చెనెక్కి అవ్వకు కళ్లజోడు వేశాను. మందపాటి నల్ల ఫ్రేము, ఒక కాడ దారంతో కట్టినట్టు. ఉస్తాద్ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. తిడతాడని నేను పారిపోవడానికి చెప్పులు కూడా సరిచేసుకున్నాను.

"సైతాన్," అన్నాడు. "అవ్వకు సూపు బాగైనాదిలే. ఇంగెవుడూ తప్పించుకోడు."

తర్వాత కుంచె తీసుకుని ఆ కళ్లద్దాల్లో ఎండ మెరుపు పెట్టాడు. నా అల్లరిని తుడిచేయకుండా దాన్ని మంచి పనిగా మార్చేవాడు ఆయన. నేను దానికి అలవాటు పడిపోయాను. ఏం చేసినా మెరుపు పెడతాడులే అనుకున్నాను.

అవ్వ ఉన్నన్నాళ్లూ ఆ సందు పొడిగా ఉంది. సీతాకోకచిలుక వచ్చిన వారానికి మగ మహారాజులు తిరిగి వచ్చారు. రెక్కలకు కళ్లు లేవు కదా.

ఇక్కడినుంచి మార్కెట్ యార్డు వైపు నడవండి. పత్తి బళ్లు ఆగే చోట, మూతబడిన జిన్నింగు మిల్లు ప్రహరీ ఉంది. విత్తనాల కంపెనీ ఒకటి దాని మీద పత్తికాయ వేయించింది. మనిషి పట్టనంత కాయ, పగిలి తెల్లగా నవ్వుతున్నట్టు. ఉస్తాద్ దూది వేస్తుంటే తుగ్గలి వైపు రైతు ఒకడు తూకం కోసం ఎదురుచూస్తూ బండి చక్రానికి ఆనుకుని చూస్తున్నాడు.

"ఉస్తాదూ, కాయ బాగుండాది. పురుగు యాడప్పా?"

"పురుగు ఎయ్యమని కంపెనీ వాళ్లు సెప్పలేదు."

"వాళ్లు మాగ్గూడా సెప్పలేదులే," అన్నాడు రైతు.

బండి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉస్తాద్ నవ్వకుండా ఎర్రరంగులో కొంచెం తెలుపు కలిపాడు. కాయ అడుగున, వేలెడంత, గులాబీ పురుగు వేశాడు. వారం తర్వాత కంపెనీ మనిషి మోటారుసైకిలు మీద వచ్చి ఎగిరెగిరి పడ్డాడు. ఉస్తాద్ కుంచె కడుక్కుంటూ, "కాయంటే పురుగుంటాది సార్. లేకుంటే అది ఫోటో, కాయ కాదు," అన్నాడు. ఆ కంపెనీ పని మళ్లీ మాకు రాలేదు. ఆయనకు దిగులు పట్టలేదు. నేను తిట్టుకున్నాను.

ఇప్పుడు వెళ్లి చూడండి. కాయ రాలిపోయింది, దూది రాలిపోయింది, కంపెనీ పేరు సగం లేదు. పురుగు మాత్రం చెక్కుచెదరలేదు. ఆయన మంచి రంగు దేనికి వాడాలో తెలిసినవాడు.

మిల్లు దాటి రెండు సందులు పోతే బడి. ఈ గోడ ఇంకా ఉంది. బొమ్మల బృందానికి ఇది దొరకలేదు, వాళ్ల పుణ్యం. అ నుంచి మొదలుపెట్టి అక్షరమాల మొత్తం, ఒక్కొక్కటి జానెడు ఎత్తు, పసుపు మీద నీలం. పాతికేళ్లుగా ఆ వీధి పిల్లలు ఈ గోడ చూసే దిద్దుకుంటున్నారు.

ఇక్కడ ఆగండి. ఉస్తాద్‌కు చదవడం రాదు.

ఏ భాషా రాదు. బడి మొహం చూడలేదు. అక్షరాలు ఆయనకు శబ్దాలు కావు, ఆకారాలు. ఠ ఆయనకు బొట్టు పెట్టుకున్నది. ళ జిలేబీ. కాగితం మీద రాసిచ్చింది చూసి, గోడ మీద నలభై రెట్లు పెద్దగా, అచ్చు కంటే అందంగా దించేవాడు. "అచ్చరానికి నడుముండల్ల. నడుము లేని అచ్చరం నిలబడదు," అనేవాడు. కాగితం మీద ఏముందో చదివి చెప్పేవాణ్ణి నేను. పని ఇచ్చినవాళ్లు చెప్పింది కాగితం మీద రాసేదీ నేనే. ఈ సంగతి అప్పటికి నాకూ ఆయనకూ తప్ప బయట ఎవరికీ తెలియదు. ఇంట్లో భార్యకు తెలుసేమో. నాది ఎనిమిదో తరగతి, అదీ తప్పింది. ఆయన కంటే ఎనిమిది తరగతులు పైన ఉన్నానని నాకు ఒళ్లంతా పొగరు.

ఈ గోడ పూర్తయినప్పుడు హెడ్మాస్టరు గారు పొంగిపోయారు. "ఏం రాత, ఏం రాత! ఉస్తాద్, మీరు ఎంతవరకు చదువుకున్నారు?" అని అడిగారు.

ఉస్తాద్ నా వైపు చూడలేదు. "ఏదో కొంచెం సార్," అన్నాడు.

మరుసటి వారం పిల్లలందరినీ ఎండలో కూర్చోబెట్టి, మంచి చేతిరాత గురించి ఆయనతో రెండు మాటలు చెప్పించారు. శాలువా కప్పారు. ఆయన నడుము సంగతే చెప్పాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను గేటు దగ్గర రంగు డబ్బాలకు కాపలా ఉన్నాను. అక్షరాలు తెలిసినవాణ్ణి నేను, శాలువా ఆయనకు. "నా పక్కన ఈ పిల్లోడు సదివి సెప్తాడు" అని ఒక్క మాట అని ఉంటే నాకు సరిపోయేది అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అనగానే ఆయన బతుకు బజార్న పడేది. అప్పుడు నేను ఆలోచించలేదు. నవ్వుకోవడానికి ఏదైనా చేయాలనిపించింది. నాకు కడుపు మండినప్పుడు అందరూ నవ్వే పనులే తోస్తాయి, అది పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఇక నడక చాలించి ఎమ్మిగనూరు బస్సెక్కండి. దిగి మగ్గాల వీధి ఎక్కడని అడగండి. దారి చెప్పడానికి మనుషులే ఉన్నారు. ఆ వీధి మొదట్లో చీరల అంగడి ఉండేది. దాని పక్క గోడ నున్నగా, పొడుగ్గా, రోడ్డుకు ఎదురుగా. "పట్టు, నూలు చీరలు ఇచ్చట లభించును" అని రాయాలి. అంగడి యజమాని చెప్పాడు, నేను కాగితం మీద రాశాను. అది కాదు నేను రాసింది.

నేను రాసింది ఇది: "ఈ గోడ రాసినోడికి చదువు రాదు".

ఉస్తాద్ కాగితం తీసుకుని, వేలితో అక్షరాలు లెక్కపెట్టి, దూరం కొలిచి, దారానికి సుద్ద రాసి ఒక కొస నాకిచ్చాడు. గోడ మీద గీత కొట్టాం. రెండు రోజుల పని, ఆ రెండు రోజులూ యజమాని సరుకు కోసం ఊరు వెళ్లాడు. ఎర్రటి అక్షరాలు, కింద నల్లటి నీడ. ఆ వీధికి వచ్చిపోయే వాళ్లంతా మగ్గం మనుషులు, అంచులూ పోగులూ తెలిసినవాళ్లు, పనితనం చూసి ఆగేవాళ్లు. రెండో రోజు మధ్యాహ్నానికి మాటలు పూర్తయ్యేసరికి ఆగినవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఉస్తాద్ నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, తన పని చూసుకుంటూ వాళ్లతోపాటు చిరునవ్వు నవ్వాడు. మెచ్చుకుంటున్నారనుకున్నాడు.

నూలు కండెలు గంపలో పెట్టుకుని పోతున్న ఒకామె ఆగి, గోడనూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, పైకి చదివింది. అప్పుడు ఉస్తాద్ కడుపు పట్టుకుని పడీపడీ నవ్వాడు. "సైతాన్ నా కొడకా, ఈ తూరి నువ్వే గెలిసినావురా!" అని నా వీపు మీద చరిచాడు. కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఇద్దరం పక్క సందులో టీ తాగి, తిరిగొచ్చి సున్నం కొట్టి, సరైన మాటలు రాశాం.

ఇరవై ఏళ్లుగా నేను ఈ కథ చెప్పని టీ అంగడి ఆదోనిలో లేదు. విన్నవాళ్లు నవ్వని రోజూ లేదు. "ఎంత పెద్ద మనసు ఉస్తాద్‌ది," అంటారు. అవును, అంటాను.

ఆయన పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. కూతురు బయటికి వచ్చి కుర్చీ వేసింది. ఆమెకు ఇప్పుడు ముప్పై దాటాయి. గోడ కథ జరిగినప్పుడు చిన్నపిల్ల. లీడరు ఫ్లెక్సీ వాకిలి ముందర కడ్డీలకు కట్టి ఉంది, గాలికి కొట్టుకుంటోంది. ఏం మాట్లాడాలో తెలియక నేను ఎమ్మిగనూరు కథే చెప్పాను. నవ్వు దగ్గర నేనే కొంచెం నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మా అబ్బా ఈ మాట మాకెప్పుడూ సెప్పలేదన్నా," అంది.

"సిన్న సంగతిలేమ్మా."

"మా అబ్బా సదువు నేర్సుకున్నాడు, తెల్సునా నీకు? నా మూడో తరగతి పుస్తకం తీస్కోని. నేనే సెప్పేదాన్ని. తప్పు సదివితే నేను కొట్టేదాన్ని గూడా, ఊరికే, ఆటకు. ఎందుకు నేర్సుకుంటాండావు అబ్బా ఇంత వయసులో అంటే సెప్పేటోడు కాదు."

నేను కుర్చీలో సర్దుకున్నాను.

"నీ అంగడి ఎదురుగా టీ బంకుండాది కదా. ఆడ నిలబడి నీ ఫ్లెక్సీలన్నీ సదివేటోడు. వరసబెట్టి. ఇంటికొచ్చి నాకు సెప్పేటోడు, ఈ పొద్దు ఈ బోర్డు పెట్టినాడు, ఆ బోర్డు పెట్టినాడు అని."

ఆ టీ బంకు దగ్గర ఆయన నిలబడడం నేను ఎన్నో సార్లు చూశాను. నన్ను గుర్రుగా చూస్తున్నాడనుకుని మిషను చాటుకు పోయేవాణ్ణి.

"బాగున్నాయనేటోడా?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఏమీ అనేటోడు కాదన్నా. సదివేటోడు, అంతే." తర్వాత ఆమె నిదానంగా, తగువు పెట్టుకోవడానికి కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. "అంత బాగా నవ్వినోడు మల్ల నీతో మాట ఎందుకు నిలిపినాడన్నా?"

టీ అంగళ్లలో ఇరవై ఏళ్లుగా ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నవ్వేవాళ్లు ప్రశ్నలు అడగరు.

ఆమెకు చెప్పని జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆయన నవ్వలేదు. ఆ నవ్వు నేను అల్లింది. వీపు మీద చరచడం, కళ్లల్లో నీళ్లు, టీ, నువ్వే గెలిచినావన్న మాట, అన్నీ నావే. ఆ రోజు బస్సులో ఒంటరిగా ఆదోనికి వస్తూ అల్లుకున్నాను. దిగేసరికి నాకే నిజమనిపించింది.

జరిగింది వేరే. జనం నవ్వుతుంటే ఉస్తాద్ చిరునవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. నా వైపు తిరిగాడు.

"ఏమి రాసినానురా?"

"పట్టు, నూలు చీరలు ఇచ్చట లభించును," అన్నాను. ఆయన ముఖంలోకి చూసి అన్నాను. జనం మరీ నవ్వారు.

గంప ఆమె నవ్వలేదు. ఆయన ఆమె వైపు తిరిగి అడిగాడు. ఆమె చదివి చెప్పింది. "ఇంగొగ తూరి సదువమ్మా, నిదానంగా," అన్నాడు. ఆమె చదువుతుంటే కుంచె వెనక కొసతో ఒక్కో మాట మీదా చూపించుకుంటూ పోయాడు, పిల్లలు వాచకం మీద వేలు పెట్టుకున్నట్టు. "ఇది సదువా?" అని ఆ మాట దగ్గర ఆగి అడిగాడు. ఔనంది ఆమె. దాన్ని చాలాసేపు చూశాడు. జనం నవ్వు ఆపేశారు.

చివరి మాట 'రాదు'కు నీడ వేయడం ఇంకా మిగిలి ఉంది. ఆయన నల్లరంగు డబ్బా తీసుకున్నాడు. నిచ్చెన మీద కాలు పెట్టాడు. రోజూ పట్టుకున్నట్టే నేను నిచ్చెన పట్టుకున్నాను, ఇంకేం చేయాలో తెలియక. నా కళ్ల ఎదురుగా ఆయన మడమలు, పగుళ్లలో ఎర్రరంగు. పైన కుంచె గోడ మీద నిదానంగా జరిగింది. 'రా' కింద, తర్వాత 'దు' కింద, కొమ్ము తిరిగే చోట కొంచెం ఒత్తి, కొసకు వచ్చేసరికి సన్నగా. చేయి ఎక్కడా తడబడలేదు. ఎంత నీడ పడాలో అంతే వేశాడు.